‘ఐ వండర్’: అడగడం నేర్పే క్రియ

అమెరికాలోని క్లయింట్ నుంచి మీకు ఒక మెయిల్ వచ్చింది. నాలుగు లైన్ల మెయిల్. చివరి లైన్‌లో ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ వుయ్ కుడ్ సీ ద నంబర్స్ బై థర్స్‌డే’ అని ఉంది. ఆయన ఏదో ఆలోచనలో ఉన్నాడు, ఒక నిర్ణయానికి వచ్చాక చెప్తాడులే అనుకుని మీరు మిగతా పనిలో పడ్డారు. గురువారం వచ్చింది, వెళ్లింది. శుక్రవారం పొద్దున్నే మీ మేనేజర్‌కు ఇంకో మెయిల్ వచ్చింది. ఈసారి అందులో వండర్ అన్న మాట లేదు. ఎక్కడ తేడా వచ్చింది? మీకు ఇంగ్లిష్ రాకనా? మెయిల్‌లో ఉన్న ప్రతి పదమూ మీకు తెలుసు. తెలియనిదల్లా ఆ క్రియ అక్కడ చేస్తున్న పని. ఆయన ఆలోచనలో లేడు. గురువారానికి నంబర్లు పంపమని చెప్పాడు. అంతే.

ఇదే సమస్యకు రెండో వైపు కూడా చూద్దాం. స్టాండప్‌లో రిక్వైర్‌మెంట్ అర్థం కాలేదు. అడగాలని ఉంది, కానీ ‘ఇది కూడా తెలీదా’ అనుకుంటారేమోనని ఊరుకున్నారు. ఇంకో రోజు ధైర్యం చేసి అడిగారు, కానీ నోట్లోంచి ‘వై డిడ్ యూ చేంజ్ దిస్?’ అని వచ్చింది. అవతలి మనిషి ముఖం మారిపోయింది. మీ ఉద్దేశం మంచిదే, ప్రశ్న మాత్రం నిలదీసినట్టు వినిపించింది. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ ఆఫీసులోనైనా కొత్తగా చేరినవాళ్లను ఇబ్బంది పెట్టేవి ఈ రెండు చివరలే: ఒకటి మౌనం, రెండోది మొరటు ప్రశ్న. ఈ రెండింటికీ మధ్య నిలబడే చోటు ఒకటుంది. ఇంగ్లిష్‌లో ఆ చోటుకు తీసుకెళ్లేది వండర్ అన్న క్రియ. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆఫీసులో వండర్ చేసే అసలు పని ఆశ్చర్యపోవడం కాదు, అడగడం. ఆ అడగడం ఎలాగో మీకు తెలుగులో ఇప్పటికే వచ్చు.

ముందు ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో చూద్దాం. నిఘంటువు తీస్తే వండర్ ఎదురుగా సాధారణంగా మొదట కనిపించే అర్థం ‘ఆశ్చర్యపడు’. అది తప్పు కాదు, ఆ మాటకున్న పాత అర్థం అదే. ప్రాచీన ఇంగ్లిష్‌లో దీని రూపం వుండ్రియన్. నేటి జర్మన్‌లో వుండర్ అనే మాట దీనికి చుట్టమే. వింతను చూసి నిలబడిపోవడమే అప్పటి అర్థం. పదమూడో శతాబ్దం చివరికి వచ్చేసరికి దీనికి ఇంకో అర్థం తోడైంది: తెలియనిదాన్ని తెలుసుకోవాలనుకోవడం, ఇదై ఉంటుందా అదై ఉంటుందా అని మనసులో ప్రశ్న వేసుకోవడం. ఈ మార్పు సహజమే. వింతను చూసిన మనిషి ఎంతసేపని నోరు తెరుచుకుని నిలబడతాడు? మరుక్షణం ‘ఇది ఎలా జరిగింది?’ అంటాడు. ఆశ్చర్యం ఎక్కడ ఆగుతుందో ప్రశ్న అక్కడ మొదలవుతుంది. వండర్ ఆ గీత దాటి ప్రశ్న వైపుకు వచ్చేసింది. దాని పక్కనే ఉన్న మార్వెల్ అన్న క్రియ మాత్రం గీతకు ఇవతలే ఉండిపోయింది. మార్వెల్ ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది. మిరకిల్, అడ్మైర్, మిర్రర్ అన్నవి కూడా ఆ లాటిన్ మూలం నుంచి పుట్టినవే. ఈ రోజుకీ మార్వెల్ అంటే అబ్బురపడటమే. వండర్‌ను మాత్రం క్రియగా వాడినప్పుడు చాలాసార్లు ‘ఏమిటో, ఎందుకో, వీలవుతుందో లేదో’ అనే అర్థమే వస్తుంది.

దీనికి సాక్ష్యం మీ బాల్యంలోనే ఉంది. ఎల్‌కేజీ పిల్లలందరూ చేతులు తిప్పుతూ పాడే నక్షత్రం పాటను జేన్ టేలర్ అనే ఇంగ్లిష్ రచయిత్రి రాసింది. ‘ద స్టార్’ పేరుతో అది 1806లో అచ్చయింది. ఆ పాట రెండో పాదంలో ఈ క్రియ ఉంది. ఒకసారి మనసులో పాడుకుని చూడండి. పాటలోని పాప నక్షత్రాన్ని చూసి నివ్వెరపోతోందా, లేక ‘నువ్వు ఏమై ఉంటావో!’ అని అడుగుతోందా? అడుగుతోంది. వండర్‌కు ఆఫీసులో కావలసిన అర్థాన్ని మీరు నాలుగేళ్ల వయసులోనే నోటికి నేర్చుకున్నారు. తర్వాత బడిలో అర్థాలు రాయించినప్పుడు ‘ఆశ్చర్యపడు’ అన్న ఒక్క మాట దాన్ని కప్పేసింది. అప్పటినుంచి వండర్ కనిపించగానే మనసు ఆ మాట దగ్గరికే పరుగెడుతోంది.

మరి తెలుగులో ఈ పని చేసేదేమిటి? దానికి పెద్ద పదం అక్కర్లేదు, వాక్యం చివర చేరే ఓ చిన్న ముక్క చాలు. ‘రేపు ఆయన వస్తాడో రాడో.’ ‘ఇది ఎవరు రాశారో.’ ‘సర్వర్ నిండిపోయిందేమో.’ ఈ ‘ఓ’, ఈ ‘ఏమో’ చేస్తున్న పనినే ఇంగ్లిష్ ‘ఐ వండర్’తో చేస్తుంది. ఇంకొంచెం ముందుకు వెళ్దాం. పెద్దవాళ్లను సాయం అడగాల్సి వస్తే మీరు ఎలా అడుగుతారు? ‘మీకు కాస్త వీలవుతుందేమో అడుగుదామని వచ్చానండి’ అంటారు. గమనించండి: అడుగుతున్నది ఇప్పుడే, కానీ ‘వచ్చాను’ అని భూతకాలంలో చెప్తున్నారు. ‘ఒక మాట అడుగుదామనుకున్నాను’ అన్నా అంతే. ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్’లో ఆ ‘వాజ్’ చేసేది సరిగ్గా ఇదే. కోరికను ఒక అడుగు వెనక్కి జరిపి, కాదనడానికి ఎదుటివారికి చోటు వదలడం. పెనెలొపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే భాషా పరిశోధకులు మర్యాద గురించి రాయగా 1987లో పుస్తకంగా వచ్చిన ప్రసిద్ధ అధ్యయనంలో ఇంగ్లిష్‌నూ, మెక్సికోలోని ఒక మాయా భాషనూ, మన పక్కనున్న తమిళాన్నీ కలిపి చూశారు. సంబంధం లేని భాషల్లో కూడా మనుషులు ఒకరి గౌరవాన్ని ఒకరు కాపాడుకునే పద్ధతులు దగ్గరగా ఉంటాయని చూపించారు. అంటే ‘ఐ వాజ్ వండరింగ్’ తెల్లవాళ్ల దగ్గర అరువు తెచ్చుకోవలసిన నటన కాదు. ‘అడుగుదామనుకున్నానండి’ అన్న మీ మర్యాదకే అది ఇంకో రూపం.

సిద్ధాంతం ఇంతటితో చాలు. ఇక చేతిలోకి తీసుకుందాం. కింది ఏడు మెట్లనూ వరసగా సాధన చేయండి.

1. చదివేటప్పుడు ఏ వండరో తేల్చుకోండి. ఆఫీసులో ఈ క్రియ మూడు వేషాల్లో వస్తుంది: అభ్యర్థన, అభ్యంతరం, నిజమైన కుతూహలం. తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. వాక్యంలో ‘యూ కుడ్’, ‘వుయ్ కుడ్’ లాంటివి ఉండి మీరు చేయగల పని ఉంటే అది అభ్యర్థన. వెంటనే ఒప్పుకోండి, లేదా ఎప్పటికి వీలవుతుందో చెప్పండి. మీరు ఇప్పటికే చేసిన పని గురించి ‘ఐ వండర్ ఇఫ్ దిస్ ఈజ్ ద రైట్ అప్రోచ్’ అని ఉంటే అది చాలాసార్లు అభ్యంతరం. ‘ఇది సరైన పద్ధతి కాదని నాకు అనిపిస్తోంది, ఇంకోసారి చూడు’ అని దాని భావం. పనితో సంబంధం లేకుండా ‘ఐ వండర్ హౌ దే బిల్ట్ ఇట్’ అంటే అది కుతూహలం. అక్కడ మీకు తెలిసింది చెప్పండి, తెలియకపోతే కలిసి ఆలోచించండి. ఈ మూడింట్లో ఎక్కువ నష్టం చేసేది రెండోదే. కోడ్ రివ్యూలో ఒక సీనియర్ ‘ఐ వండర్ ఇఫ్ దిస్ విల్ హోల్డ్ అప్ అండర్ లోడ్’ అని కామెంట్ పెట్టారనుకోండి. కొత్తగా చేరిన ఇంజినీరు దాన్ని చూసి, ఆయన ఊరికే అనుకుంటున్నారని భావించి, ‘యెస్, ఇట్ విల్’ అని రాసి మూసేస్తాడు. సీనియర్‌కు కనిపించేదేమిటి? సలహాను తోసిపుచ్చిన మనిషి. అక్కడ రాయాల్సిన జవాబు వేరు: ఎంత లోడ్‌తో పరీక్షించారో, ఎక్కడ దెబ్బతినవచ్చో, ఇంకా ఏం చూడాలో. ఆ రెండు లైన్లతో మీరు కామెంట్‌కు జవాబిచ్చినట్టు, మనిషికి విలువ ఇచ్చినట్టు కూడా.

2. రాసే ముందు తెలుగులో ‘ఏమో’ వాక్యం అనుకోండి. ‘ఆశ్చర్యపోతున్నాను’ దగ్గర మొదలుపెడితే వాక్యం దారి తప్పుతుంది. ‘డెడ్‌లైన్ రెండు రోజులు జరపడానికి వీలవుతుందేమో’ అని మనసులో అనుకోండి. ఇప్పుడు ‘ఏమో’కు బదులు ‘ఐ వండర్ ఇఫ్’ వాక్యం ముందుకు వస్తుంది. మిగతాది మామూలు వాక్యం. ‘ఎందుకో’ అయితే ‘ఐ వండర్ వై’, ‘ఎలాగో’ అయితే ‘ఐ వండర్ హౌ’, ‘ఎవరో’ అయితే ‘ఐ వండర్ హూ’. తెలుగులో చివర ఉన్న ముక్క ఇంగ్లిష్‌లో మొదటికి వస్తుంది. గుర్తుపెట్టుకోవలసిన తేడా ఇదొక్కటే. మనసులో తెలుగు అనుకోవద్దు, నేరుగా ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. భాష బాగా అలవాటయ్యాక అది దానంతటదే జరుగుతుంది. అప్పటిదాకా తెలుగు అనుకోవడం అడ్డు కాదు. తప్పు తెలుగు మాట దగ్గర మొదలుపెట్టడమే అడ్డు.

3. వండర్ తర్వాత ప్రశ్నను తిన్నగా నిలబెట్టండి. ‘వై డిడ్ ద బిల్డ్ ఫెయిల్?’ అన్నది ప్రశ్న. ‘ఐ వండర్’ తర్వాత అది ‘ఐ వండర్ వై ద బిల్డ్ ఫెయిల్డ్’ అవుతుంది. ‘డిడ్’ పోతుంది, పదాల వరస మామూలు వాక్యంలా సర్దుకుంటుంది. ‘ఐ వండర్ వాట్ ఈజ్ ద రీజన్’ అని మనవాళ్లు తరచూ రాస్తారు. ‘ఐ వండర్ వాట్ ద రీజన్ ఈజ్’ అనాలి. వాక్యం చివర ప్రశ్నార్థకం కూడా అక్కర్లేదు, ఫుల్‌స్టాప్ చాలు. ఎందుకంటే వ్యాకరణం ప్రకారం మీరు ప్రశ్న వేయడం లేదు, మీ మనసులో ఒక ప్రశ్న ఉందని చెప్తున్నారు. ఎదుటివారికి ఊపిరి ఆడేది ఆ తేడా వల్లే. నేరుగా వేసిన ప్రశ్న జవాబు అడుగుతుంది, వండర్ జవాబును ఆహ్వానిస్తుంది.

4. మెత్తదనం ఎంత కావాలో చూసుకోండి. ‘ఐ వండర్ ఇఫ్’, ‘ఐ యామ్ వండరింగ్ ఇఫ్’, ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్’ అనే మూడు మెట్లున్నాయి. మొదటిది ఆలోచనను పంచుకోవడానికి బాగుంటుంది, ముఖ్యంగా మీటింగ్‌లో: ‘ఐ వండర్ ఇఫ్ వుయ్ ఆర్ సాల్వింగ్ ద రాంగ్ ప్రాబ్లమ్.’ మీ మనసులో ఉన్న సందేహాన్ని రెండోది మామూలుగా చెప్తుంది. సాయం అడగడానికి, సెలవు అడగడానికి, మీ కంటే పెద్ద బాధ్యతలో ఉన్నవాళ్ల సమయం కోరడానికి మూడోది సరిపోతుంది. రోజూ పక్కసీట్లో కూర్చుని కలిసి టీ తాగే స్నేహితుణ్ని చార్జర్ అడగడానికి మూడోది వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. తెలుగులో స్నేహితుణ్ని ‘చార్జర్ ఇవ్వరా’ అంటాం కదా, ‘తమకు వీలవుతుందేమోనండి’ అనం.

5. మర్యాదకు గడువునూ కారణాన్నీ జతచేయండి. వండర్‌తో వచ్చే ప్రమాదం ఒకటుంది: వాక్యం మెత్తగా ఉండి ఏం కావాలో తేలకపోవడం. ‘ఐ వాజ్ వండరింగ్ అబౌట్ ద యాక్సెస్’ అని పంపితే అవతలివారు ఏం చేయాలి? యాక్సెస్ ఇవ్వాలా, ఎవరు ఇస్తారో చెప్పాలా, ఎందుకు ఆగిందో వివరించాలా? వేసవిలో హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదిన్నర అయితే సియాటిల్‌లో ఉదయం ఎనిమిది. మీ మెయిల్ స్పష్టంగా లేకపోతే వాళ్లు ‘ఏ యాక్సెస్?’ అని తిరిగి అడుగుతారు. ఆ ప్రశ్న మీరు చూసేసరికి తెల్లవారుతుంది, మీ జవాబు వాళ్లు చూసేసరికి మళ్లీ రాత్రవుతుంది. ఒక పూర్తి రోజు పోతుంది. అందుకే మూడు ముక్కలూ ఒకేచోట పెట్టండి: ఏం కావాలి, ఎప్పటికి కావాలి, ఎందుకు కావాలి. ‘స్టేజింగ్ డేటాబేస్‌కు బుధవారంలోగా యాక్సెస్ ఇప్పించగలరేమో, గురువారం టెస్టింగ్ మొదలవుతోంది’ అన్న తెలుగు వాక్యాన్ని ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్’తో మొదలుపెట్టి రాయండి. మర్యాద మొదటి నాలుగు మాటల్లో ఉంటుంది, పని మిగతా వాక్యంలో ఉంటుంది.

6. వేలు మనిషి వైపు కాదు, పని వైపు చూపించండి. ‘ఐ వండర్ వై యూ డిడ్ నాట్ టెస్ట్ దిస్’ అంటే వ్యాకరణం సరిగ్గానే ఉంది, మర్యాద మాత్రం లేదు. ‘ఎందుకు టెస్ట్ చేయలేదో మరి!’ అని తెలుగులో దీర్ఘం తీస్తే ఎలా గుచ్చుకుంటుందో ఇంగ్లిష్‌లోనూ అలాగే గుచ్చుకుంటుంది. వండర్ పక్కన ‘వై యూ’ వచ్చిందంటే ఆగి ఒకసారి చదువుకోండి. జరిగిపోయిన తప్పు నుంచి ముందు చేయవలసిన పని మీదికి వాక్యాన్ని మళ్లించండి: ‘ఐ వండర్ ఇఫ్ వుయ్ కుడ్ యాడ్ ఎ టెస్ట్ బిఫోర్ మెర్జింగ్.’ అదే విషయం, అదే దిద్దుబాటు. అవతలివారు తమను తాము సమర్థించుకోనక్కర్లేదు, టెస్ట్ రాస్తే సరిపోతుంది.

7. నిజంగా ఆశ్చర్యం కలిగితే వేరే క్రియ వాడండి. టీమ్‌లో ఒకరు రెండు రోజుల పని ఒక్క పూటలో ముగించారు; మెచ్చుకోవాలి. అప్పుడు ‘ఐ వండర్డ్ బై సీయింగ్ యువర్ వర్క్’ అని రాస్తారు కొందరు. ‘మీ పని చూసి ఆశ్చర్యపోయాను’ అన్న తెలుగు వాక్యం మక్కీకి మక్కీగా అందులో కనిపిస్తుంది. ‘ఐ వాజ్ అమేజ్డ్ బై యువర్ వర్క్’ అనండి, లేదా ‘ఇంప్రెస్డ్’ వాడండి. ఇంకా నిండుగా చెప్పాలంటే ‘ఐ మార్వెల్ ఎట్’ ఉంది, కానీ అది కాస్త పుస్తకాల మాట; వీడ్కోలు సభలో బాగుంటుంది, చాట్‌లో బరువవుతుంది. ‘ఐ వండర్ ఎట్’ అన్నా ఆశ్చర్యమే, అయితే ఇప్పుడు మాటల్లో అరుదు.

ఈ ఏడు మెట్లతో పాటు తరచూ దొర్లే నాలుగు పొరపాట్లను కూడా ఒకచోట చూసుకోండి. మొదటిది, ‘ఐ యామ్ వండర్డ్’. సర్‌ప్రైజ్డ్, అమేజ్డ్ ఉన్నాయి కదా అని దీన్నీ అదే అచ్చులో పోస్తారు, కానీ ఆ రూపం ఇంగ్లిష్‌లో లేదు. రెండోది, ‘ఐ వండర్ దట్ వై’. ‘వై’ ఉన్నప్పుడు ‘దట్’ అక్కర్లేదు. తెలుగులో ‘ఎందుకు అని’ అంటాం కాబట్టి ఆ ‘అని’కి బదులు ‘దట్’ చొరబడుతుంది. మూడోది, వండర్‌కూ వాండర్‌కూ మధ్య గందరగోళం. ‘ఓ’ అక్షరంతో రాసేది వండర్, తెలుసుకోగోరడం. ‘ఏ’ అక్షరంతో రాసేది వాండర్, తిరుగాడటం. విచిత్రంగా ‘ఓ’ రాసిన చోట ‘అ’ ధ్వని, ‘ఏ’ రాసిన చోట ‘ఆ’కు దగ్గరి ధ్వని పలుకుతాయి, స్పెల్లింగ్ తారుమారయ్యేది అందుకే. స్పెల్‌చెక్ దీన్ని తరచూ పట్టుకోదు, రెండూ సరైన మాటలే కాబట్టి. నాలుగోది, ఒకే మెయిల్‌లో మూడు చోట్ల వండర్ వాడటం. ఒకసారి వాడితే మర్యాద, మూడుసార్లు వాడితే తడబాటు.

ఇక్కడ మీకు కొన్ని సందేహాలు రావాలి. రాకపోతే ఈ పద్ధతిని మీరు నిజంగా పరీక్షించనట్టే. మొదటి సందేహం: సాఫ్ట్‌వేర్ పనిలో కావలసింది సూటిదనం కదా, ఈ చుట్టుతిరుగుడు ఎందుకు? ఈ అభ్యంతరంలో సగం నిజం ఉంది. ప్రొడక్షన్ పడిపోయి కస్టమర్లు లాగిన్ కాలేకపోతుంటే ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ సమ్‌వన్ కుడ్ రోల్‌బ్యాక్’ అని రాయకూడదు. ‘ప్లీజ్ రోల్‌బ్యాక్ నౌ’ అని రాయాలి. భద్రతకు సంబంధించిన లోపం, డేటా పోయే ప్రమాదం, ఉద్యోగి వేధింపు లాంటి విషయాల్లో కూడా వండర్‌కు చోటు లేదు. జర్మన్, డచ్ సహోద్యోగులతో పనిచేసేవాళ్లకు సూటి మాటలే ఎక్కువ కలిసిరావచ్చు. వాళ్ల మెయిళ్లు నాలుగు చదివితే ఎవరికి ఏది అలవాటో మీకే తెలుస్తుంది. కానీ అత్యవసరాలు రోజుకో గంట, మిగతా గంటలన్నీ మామూలు పనే. ఆ మామూలు గంటల్లో మీరు అడిగే ప్రతిదానికీ ఎదుటివారి ఇష్టం తోడు కావాలి. సూటిగా ఉండటమంటే ఏం కావాలో దాచకపోవడం. అయిదో మెట్టు పాటిస్తే వండర్‌తో రాసిన వాక్యం కూడా సూటిగానే ఉంటుంది.

రెండో సందేహం ఇంకా లోతైనది. మనం ఇప్పటికే వినయం ఎక్కువై వెనకబడుతున్నాం, ఇంకా వంగి మాట్లాడమంటారా? లేదు, అందుకు పూర్తిగా విరుద్ధమైనది చెప్తున్నాను. ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’, ‘ఐ హంబ్లీ రిక్వెస్ట్’ అన్నవి దరఖాస్తుల భాష. వాటిలో అడిగేవాడు కింద, ఇచ్చేవాడు పైన. వండర్‌లో ఆ మెట్లు లేవు. ఒక డైరెక్టరు మీతో ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ జాయిన్ ద కాల్’ అంటారు, మీరు డైరెక్టరుతోనూ అదే వాక్యం అనవచ్చు. పైవాళ్లూ కిందివాళ్లూ ఒకే రూపంలో వాడుకునే మాట వినయానికి గుర్తు కాదు, సమానత్వానికి గుర్తు. పైగా ‘ఈ డిజైన్ తప్పు’ అని చెప్పడానికి ఏడాది అనుభవం ఉన్న ఇంజినీరుకు గొంతు పెగలదు. ‘ఐ వండర్ ఇఫ్ దిస్ బ్రేక్స్ వెన్ ద లిస్ట్ ఈజ్ ఎంప్టీ’ అనడానికి పెగులుతుంది. ఆ ఒక్క వాక్యం రిలీజ్‌ను కాపాడవచ్చు. ఇక్కడ వండర్ మిమ్మల్ని వంచడం లేదు, మాట్లాడిస్తోంది.

మూడో సందేహం ఈ కాలానిది: మెయిళ్లు ఏఐ రాసిపెడుతుంటే ఇదంతా నేర్చుకోవడం దేనికి? రాయడానికి సాయం దొరుకుతుంది, నిజమే. కానీ కాల్‌లో ఎదుటి మనిషి ‘ఐ వండర్’ అని ఆగిన రెండు క్షణాల్లో అది అభ్యంతరమో కుతూహలమో పసిగట్టవలసింది మీరే. ఏఐ రాసిన వాక్యం మరీ మెత్తగా ఉందో, గుచ్చుతోందో చూసి దిద్దవలసిందీ మీరే. పైగా ఏం అడగాలో తేల్చుకోవడం వాక్యం రాయడానికి ముందు జరిగే పని, దాన్ని ఎవరి చేతిలోనూ పెట్టలేం.

హైదరాబాద్‌లో ఇంగ్లిష్ చదువుకు కొరత ఎప్పుడూ లేదు. దేశంలో ఇంగ్లిష్ బోధనను మెరుగుపరచడానికని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌ను 1958లో ఇక్కడే పెట్టారు; అదే నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. మాదాపూర్‌లోని ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి 1998 నవంబర్ 22న ప్రారంభించడానికి నలభై ఏళ్ల ముందు మాట అది. తర్వాత అమీర్‌పేట కోచింగ్‌లూ, కాలేజీల్లో స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులూ వచ్చాయి. ఇన్నింట్లో మనం ఎక్కువగా సాధన చేసింది జవాబు చెప్పడం: పరీక్షలో జవాబు, ఇంటర్వ్యూలో జవాబు, క్లయింట్‌కు జవాబు. అడగడాన్ని మాత్రం ఎవరూ సిలబస్‌లో పెట్టలేదు. అడిగినవాడికి తెలియదని లెక్క వేసే తరగతి గదుల నుంచి మనం వచ్చాం. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదువుకుని 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్ల, మనస్తత్వ శాస్త్రవేత్త కేరల్ డ్వెక్ ఆలోచనల స్ఫూర్తితో, తన సంస్థలో అన్నీ తెలిసినవాళ్ల కంటే అన్నీ నేర్చుకునేవాళ్లు కావాలని పదే పదే చెప్పారు. 2017లో వచ్చిన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలోనూ ఆయన ఈ మాటకు పెద్దపీట వేశారు. నేర్చుకునేవాళ్లు చేసే మొదటి పని ఏమిటి? తెలియదని ఒప్పుకుని, తెలుసుకోవాలని ఉందని బయటికి చెప్పడం. ఇంగ్లిష్‌లో ఈ రెండింటినీ కలిపి రెండు మాటల్లో చెప్పే వీలు ‘ఐ వండర్’లో ఉంది.

కాబట్టి ఈ వారం ఇలా చేయండి. సోమవారం నుంచి మీకు వచ్చిన మెయిళ్లలో, చాట్‌లో వండర్ కనిపించిన ప్రతి వాక్యాన్నీ ఒకచోట రాసుకుని, పక్కన అభ్యర్థనా, అభ్యంతరమా, కుతూహలమా అని గుర్తు పెట్టండి. బుధవారం నుంచి మీరు అడగవలసిన ఏదో ఒక దాన్ని ‘ఏమో’ వాక్యంగా తెలుగులో రాసుకుని, ఏం, ఎప్పటికి, ఎందుకు అన్న మూడూ ఉన్నాయో లేదో చూసుకుని, ఇంగ్లిష్‌లో పంపండి. శుక్రవారం మీటింగ్‌లో ఒక్కసారైనా, అందరి ముందూ, మీకు నిజంగా అర్థం కాని విషయాన్ని ‘ఐ వండర్’తో మొదలుపెట్టి అడగండి. మొదటిసారి గొంతు తడబడవచ్చు, ఫరవాలేదు. మీరు అడిగాక ఆ గదిలో ఇంకెవరో ‘నాకూ అదే డౌట్’ అనే అవకాశం చాలా ఉంది. తెలియనిదాన్ని ముందుగా అడిగిన మనిషిని టీమ్ గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతి ప్రాజెక్టులో ‘దీన్ని ఎవరు సరిగ్గా ఆలోచిస్తారు?’ అన్న మాట వచ్చినప్పుడు మీ పేరు వినిపించేలా చేసేది ఆ అలవాటే.